ప్రాథమిక బడిలో టీవీ, ట్యాబ్, ఫోన్: టీచర్లు, తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

2019లో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన నాడు-నేడు, 2022లో తెలంగాణలో మొదలైన మన ఊరు-మన బడి తర్వాత ప్రభుత్వ బడుల రూపు చాలాచోట్ల మారింది. బల్లలు, మరుగుదొడ్లతో పాటు తెరలు కూడా వచ్చాయి. తెర వచ్చినంత వేగంగా, దాన్ని ఆరేళ్ల పిల్లల ముందు ఎలా వాడాలన్న చర్చ రాలేదు. కాంప్లెక్స్ మీటింగుల్లో (చుట్టుపక్కల బడుల టీచర్లంతా కలిసే సమావేశాల్లో) టీచర్లు, బడికి వచ్చినప్పుడు తల్లిదండ్రులు అడిగే ప్రశ్నలకు ఒక ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడిగా నేను చెప్పే జవాబులివి.

ఒకటి నుంచి ఐదో తరగతి పిల్లలకు అసలు తెర అవసరమా?

కొన్ని పనులకు అవసరం. చాలా పనులకు అవసరం లేదు.

పెరూ దేశంలో 2008 తర్వాత పల్లె బడుల పిల్లలకు చిన్న ల్యాప్‌టాప్‌లు పెద్ద ఎత్తున పంచారు. 319 ప్రాథమిక పాఠశాలల్లో చేసిన అధ్యయనంలో, ఏడాదికి పైగా గడిచాక చూస్తే లెక్కల్లో గానీ భాషలో గానీ మెరుగుదల కనిపించలేదు. పరికరం చేతికొచ్చింది, బోధన ఎప్పటిలాగే సాగింది.

మన దేశంలో ఢిల్లీలో ఇంకో ప్రయోగం జరిగింది. మైండ్‌స్పార్క్ అనే సాఫ్ట్‌వేర్‌తో, బడి అయిపోయాక నడిచే కేంద్రాల్లో, ఎక్కువగా ఆరు నుంచి తొమ్మిదో తరగతి పిల్లలకు చదువు చెప్పారు. ఐదు నెలలు కూడా గడవకముందే లెక్కల్లో, హిందీలో స్పష్టమైన తేడా వచ్చింది. అక్కడ సాఫ్ట్‌వేర్ పిల్లవాడు ఏ తరగతిలో ఉన్నాడని చూడలేదు, అతనికి ఏం వచ్చో చూసి అక్కడి నుంచి మొదలుపెట్టింది. పైగా పక్కన మనిషి ఉన్నాడు. రోజూ సగం సమయం చిన్న గుంపుగా కూర్చోబెట్టి టీచర్ చెప్పేవారు.

కాబట్టి తెర ఉందా లేదా అని కాదు, ఆ తెర ముందు పిల్లవాడు ఏం చేస్తున్నాడని అడగాలి. నోరు విప్పుతున్నాడా? రాస్తున్నాడా? చేత్తో ఏదైనా చేస్తున్నాడా? లేకపోతే ఆ సమయం వృథా అయినట్టే.

వీడియో పెడితే పిల్లలు కదలకుండా చూస్తారు. అర్థమైనట్టే కదా?

కాదు. కదలకుండా చూడటం వేరు, నేర్చుకోవడం వేరు. నేను గట్టిగా నమ్మే విషయం ఇది, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

మూడో తరగతిలో నీటి చక్రం పాఠం ఉందనుకుందాం. ఆరు నిమిషాల వీడియో దొరికింది. వెంటనే ప్లే నొక్కకండి. ముందు ఒక ప్రశ్న వేయండి: "వానలో తడిసిన చొక్కాను దండెం మీద ఆరేశాం. సాయంత్రానికి ఆరిపోయింది. ఆ నీళ్లు ఎటు పోయాయి?" ఒకరు కింద కారిపోయాయంటారు, ఒకరు ఎండ తాగేసిందంటారు, ఇంకొకరు బట్టలోకే పోయాయంటారు. మూడు జవాబులనూ బోర్డు మీద రాయండి. ఏది తప్పో చెప్పకండి. ఇప్పుడు పిల్లలకు వీడియో చూడటానికి ఒక కారణం దొరికింది.

ఒకటిన్నర నిమిషం నడిపి ఆపండి. పక్కవాళ్లతో మాట్లాడుకోమనండి. "ఇప్పుడేం జరుగుతుందనుకుంటున్నారు?" అని అడిగి మళ్లీ నడపండి. మొత్తం అయ్యాక రెండోసారి సౌండ్ తీసేసి పెట్టండి. ఈసారి వీడియోకు మాటలు పిల్లలే చెప్పాలి. ఎవరికి అర్థమైందో, ఎవరు పదాలు మాత్రమే పట్టుకున్నారో అక్కడే తెలిసిపోతుంది. ఎప్పుడూ నోరు విప్పని పిల్లలు కూడా ఈ వ్యాఖ్యానానికి ముందుకొస్తారు, ఎందుకంటే ఏం చెప్పాలో ఎదురుగా బొమ్మ కనిపిస్తూనే ఉంటుంది. చివర్లో నోటుబుక్‌లో బొమ్మ గీసి పేర్లు రాయించండి, బోర్డు మీద రాసిన మూడు జవాబుల దగ్గరికి మళ్లీ వెళ్లండి.

తెర నడిచింది పది పన్నెండు నిమిషాలే. మిగతా పీరియడ్ అంతా మాటలు, రాతలు.

ఇంకో మాట. వీడియో నడుస్తున్నప్పుడు టీవీ పక్కన కాదు, పిల్లల ముఖాలు కనిపించే చోట నిలబడండి. ఆ సమయంలో ఫోన్‌లో హాజరు ఎక్కించాలని ఎంత ఒత్తిడి ఉన్నా సరే.

టచ్ ప్యానెల్ వచ్చింది. ఒక్కరు నొక్కుతుంటే మిగతావాళ్లు చూస్తూ కూర్చుంటున్నారు. ఏం చేయాలి?

అందరికీ పలకలు ఇవ్వండి. ప్రశ్న తెర మీద వస్తుంది, జవాబు ప్రతి ఒక్కరూ పలక మీద రాస్తారు, ఒకేసారి పైకెత్తి చూపిస్తారు. ఆ తర్వాతే ఒకరు వెళ్లి ప్యానెల్ మీద నొక్కాలి. ముప్పై మంది జవాబులు మీకు ఒక్క చూపులో తెలుస్తాయి. ఏ ఖరీదైన సాఫ్ట్‌వేర్ కన్నా ఇది వేగంగా పని చేస్తుంది.

ఏ పాఠానికి తెర వాడాలి, దేనికి వద్దు?

పిల్లలు ఊళ్లో చూడలేనిది, కంటికి అందనంత పెద్దదో చిన్నదో, మరీ నెమ్మదిగా జరిగేదో అయితే తెర మీద చూపించండి. భూమి తిరగడం, గుండె కొట్టుకోవడం, అనంతపురం పిల్లలకు సముద్రం, విశాఖ పిల్లలకు సింగరేణి గని.

చేత్తో పట్టుకోగలిగినదైతే ముందు చేయే. పెసలు మొలకెత్తడం గురించి చెప్పాలంటే తడిగుడ్డలో పెసలు కట్టించండి. రెండు రోజుల తర్వాత మొలక చూశాక, అదే వేగంగా జరిగే వీడియో చూపిస్తే పిల్లలు ఒక్కో దశనూ గుర్తుపడతారు. వరస మారితే, అంటే వీడియో ముందు చూపిస్తే, తడిగుడ్డ విప్పే ఉత్సాహం సగం పోతుంది.

లెక్కలకు యాప్‌లు మంచివేనా?

సాధనకు మంచివి. మొదటిసారి భావన నేర్పడానికి కాదు.

52లోంచి 27 తీసివేయడం చూద్దాం. రెండులోంచి ఏడు పోదు, పక్క నుంచి ఒకటి అప్పు తేవాలి అని అందరం చెబుతాం. ఆ 'ఒకటి' పది అని పిల్లవాడికి తెలియాలంటే, పది చీపురు పుల్లలకు రబ్బరు బ్యాండు వేసి కట్టిన కట్టను వాడే విప్పాలి. ఐదు కట్టలు, రెండు విడి పుల్లలు. ఒక కట్ట విప్పితే నాలుగు కట్టలు, పన్నెండు పుల్లలు. యాప్‌లో ఆ కట్ట దానంతట అదే విడిపోతుంది, పిల్లవాడికి చూడటం తప్ప పనేమీ ఉండదు. పుల్లలతో కొన్ని రోజులు చేశాక యాప్‌లో ఇరవై లెక్కలు చేయించండి, అప్పుడు హాయిగా చేస్తారు.

భిన్నాలకు కాగితం మడత, కొలతలకు స్కేలు, బరువులకు తక్కెడ. వీటికి తెర దాదాపు అవసరమే లేదు. సౌష్ఠవం, ఆకారాలను తిప్పి చూడటం మాత్రం తెర మీద బాగుంటాయి.

ఎక్కాల ఆటల్లో పైన గడియారం పరిగెడుతూ ఉంటుంది. నెమ్మదిగా ఆలోచించే పిల్లలకు అది టెన్షన్. ఆపే వీలుంటే ఆపేయండి.

మూడో తరగతికొచ్చినా తెలుగు చదవడం రావడం లేదు. చదివించే యాప్‌లు పనికొస్తాయా?

ఈ సమస్య మీ ఒక్క బడిది కాదు. పల్లె పిల్లల చదువు ఎలా ఉందో చూసే అసర్ సర్వే 2024 లెక్క ప్రకారం దేశంలోని ప్రభుత్వ బడుల మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 23.4 శాతం. 2022లో 16.3 శాతమే. మెరుగైంది, అయినా నలుగురిలో ఒక్కరికి కూడా చేరలేదు.

పిల్లవాడు పైకి చదువుతుంటే విని తప్పొప్పులు చెప్పే యాప్‌లున్నాయి. గూగుల్ రీడ్ అలాంగ్ 2020లో తెలుగులో కూడా వచ్చింది. బడిలో అందరి ముందు చదవడానికి సిగ్గుపడే పిల్లలు ఫోన్ ముందు చదువుతారు, అది నిజమైన లాభం. కానీ రెండు పరిమితులు తెలుసుకోండి.

మొదటిది, తప్పు ఏ రకమైందో యంత్రం చెప్పదు. 'పాలు'ను 'పలు' అన్న పిల్లవాడికి దీర్ఘం పట్టుబడలేదు. 'అక్క'ను 'అక' అన్నవాడికి ఒత్తు పట్టుబడలేదు. ఇద్దరికీ నేర్పాల్సింది వేరు. ఇది వినే చెవి టీచర్‌దే.

రెండోది యాస. పుస్తకంలో 'వచ్చాడు' అని ఉంటే కరీంనగర్ పిల్ల 'వచ్చిండు' అని చదివిందనుకోండి. ఆ పిల్ల తప్పు చదవలేదు. అర్థం చేసుకుని తన మాటలోకి తెచ్చుకుని చదివింది, చదవడంలో అది ఒక మెట్టు పైన. యాప్ దాన్ని తప్పు కింద లెక్కేస్తుంది. ఆ మార్కు చూసి పిల్లను తక్కువ అంచనా వేయకండి. అచ్చులో ఎలా ఉందో వేలు పెట్టి ఒకసారి చూపిస్తే చాలు.

నా అనుభవంలో అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చింది ఫోన్‌లో ఉండే మామూలు రికార్డర్. పిల్లవాడు చదివింది రికార్డు చేసి వాడికే వినిపించండి. ఎక్కడ ఆగాడో వాడే చెబుతాడు. నెల తర్వాత అదే పేజీ మళ్లీ చదివించి రెండూ పక్కపక్కన వినిపిస్తే వాడి ముఖం చూడాలి!

చదవడానికి కథలు కావాలంటే ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్‌లో తెలుగు కథలు స్థాయిల వారీగా ఉచితంగా దొరుకుతాయి. ప్రింటు తీసి కుట్టి తరగతి గదిలో తాడుకు వేలాడదీయొచ్చు, అందుకు అనుమతి కూడా ఉంది.

నిమిషానికి ఇన్ని పదాలు చదవాలని లక్ష్యం పెట్టారు. ఫోన్‌లో టైమర్ పెట్టి చదివించాలా?

చిన్న తరగతుల్లో చదవడం, లెక్కలు నేర్పడానికి కేంద్ర ప్రభుత్వం 2021 జులైలో మొదలుపెట్టిన నిపుణ్ భారత్ ప్రకారం మూడో తరగతి పూర్తయ్యేసరికి పిల్లలు నిమిషానికి కనీసం 60 పదాలు అర్థంతో చదవాలి. 'అర్థంతో' అన్న మాటను మనం తరచూ వదిలేస్తున్నాం.

తెలుగులో ఇంకో చిక్కుంది. మన పదాలు పొడవు. 'చదువుకుంటున్నప్పుడల్లా' అనేది మన లెక్కలో ఒక్క పదం, వేరే భాషలో అదే మాటకు మూడు నాలుగు పదాలు పడతాయి. జాతీయ స్థాయిలో పాఠ్యపుస్తకాలు తయారుచేసే ఎన్‌సీఈఆర్‌టీ 2022లో చేసిన అధ్యయనంలో ఒక్కో భాషకు విడిగా ప్రమాణాలు పెట్టింది కూడా అందుకే. టైమర్‌ను నెలకోసారి మీ కోసం వాడండి, పిల్లలకు కనిపించనివ్వకండి. చదివాక రెండు ప్రశ్నలు తప్పకుండా అడగండి.

ఐదు తరగతులకూ నేనొక్కడినే. టీవీ పెట్టి ఒక తరగతిని కూర్చోబెట్టక తప్పడం లేదు.

మీ ఇబ్బంది నాకు తెలుసు, ఇందులో మీ తప్పేమీ లేదు. ఏకోపాధ్యాయ పాఠశాలకు టీవీ బదులు ఇంకో టీచర్‌ను ఇవ్వాలి. అది నేనెక్కడైనా చెబుతాను.

ఈలోపు చేయగలిగింది: తరగతుల వారీగా కాకుండా స్థాయిల వారీగా మూడు గుంపులు చేయండి. అక్షరాలు, గుణింతాల దగ్గర ఉన్నవాళ్లు, పదాలు చదివేవాళ్లు, పేరా చదివేవాళ్లు. తెర ముందుకు ఎప్పుడూ పేరా చదివేవాళ్లనే పంపండి. వాళ్లకు ఒక ప్రశ్నల చీటీ ఇస్తే చూసి, చర్చించి, రాసుకోగలరు. అక్షరాల దగ్గర ఉన్న పిల్లలకు మీరే కావాలి. చాలా బడుల్లో ఇది తలకిందులుగా జరుగుతోంది. చిన్నపిల్లలకు రైమ్స్ పెట్టేసి టీచర్ ఐదో తరగతి సిలబస్ పూర్తి చేస్తుంటారు.

నెట్ రాదు. పుస్తకంలోని క్యూఆర్ కోడ్‌లు ఎలా వాడాలి?

ఆ కోడ్‌లను తెరిచేది 2017లో వచ్చిన ప్రభుత్వ యాప్ దీక్ష. అందులో పాఠాలను డౌన్‌లోడ్ చేసుకుని నెట్ లేకుండా చూసే వీలుంది. ఇంటి దగ్గర సిగ్నల్ ఉన్నప్పుడు వారానికి సరిపడా దించుకోండి. మీకు నచ్చిన వీడియోలను పెన్‌డ్రైవ్‌లో తరగతి, పాఠం పేర్లతో పెట్టుకుంటే ఏటా పనికొస్తాయి. ముందు మీరు పూర్తిగా చూడకుండా ఏదీ పిల్లలకు వేయకండి. ఒక పేజీకి అతికించిన వీడియో ఆ పాఠానికి సరిపోకపోవచ్చు.

ఇంగ్లీషు ఉచ్చారణకు వీడియోలు వాడొచ్చా?

వాడండి, మంచిదే. విని వెంటనే అనాలి, లేకపోతే పాటలాగా దాటిపోతుంది. రెండు రాష్ట్రాల్లోనూ పాఠ్యపుస్తకాలు ఒకవైపు తెలుగు, ఒకవైపు ఇంగ్లీషుతో వచ్చాయి. వీడియో ఇంగ్లీషులో ఉంటే ముందు తెలుగు పేజీ మాట్లాడుకుని తర్వాత పెట్టండి.

మా పిల్లలు ఇంట్లో కోయ మాట్లాడతారు. తెలుగు వీడియోలే సరిగ్గా అర్థం కావడం లేదు.

అలాంటి చోట తెర కన్నా ముందు ఇంటి భాష రావాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో కోయ, గోండి, సవర, కువి, కొలామి, బంజారా వంటి ఎనిమిది గిరిజన భాషల్లో ప్రాథమిక బోధన మొదలుపెట్టారు. ఆ దారి సరైనదని నా అభిప్రాయం.

ఇక్కడ ఫోన్ చాలా మేలు చేయగలదు. ఊరి పెద్దమ్మ చెప్పే కథను కోయలో రికార్డు చేయండి. తరగతిలో వినిపించండి. పిల్లల చేత బొమ్మలు గీయించి, ఒక్కో బొమ్మ కింద వాళ్లు చెప్పిన మాట తెలుగు లిపిలో రాయండి. వాళ్ల భాషలో వాళ్ల పుస్తకం తయారవుతుంది. బయటి నుంచి ఏ కంటెంటూ రానక్కర్లేదు.

చిన్నప్పుడే టైపింగ్ నేర్పాలా?

మూడో తరగతి వరకు వద్దు. చేత్తో రాసేటప్పుడే అక్షరం గట్టిపడుతుంది. ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు వచ్చే కీబోర్డు పెద్దవాళ్లకు సులువు. గుణింతం ఇంకా స్థిరపడని పిల్లలకు మాత్రం అది తెలుగును ఇంగ్లీషు గుండా చూపిస్తుంది. నాలుగు, ఐదు తరగతుల్లో నేర్పాలనుకుంటే తెలుగు అక్షరాలే ఉన్న కీబోర్డు పెట్టండి.

మాట్లాడితే రాసే సదుపాయం ఒక్కటి మాత్రం చిన్న తరగతుల్లో కూడా అప్పుడప్పుడు వాడొచ్చు. "మా మేక పిల్లని పెట్టింది" అని పిల్ల అంటే ఆ మాట అక్షరాలై కనిపిస్తుంది. తను అన్నదే కాబట్టి సులభంగా చదువుతుంది. అది తప్పు రాస్తే పిల్లలే పట్టుకుంటారు. ఇదే పని సుద్దముక్కతో బోర్డు మీద మీరు చేసినా ఫలితం అంతే ఉంటుంది.

ఏఐ (కృత్రిమ మేధ) వాడొచ్చా?

టీచర్‌గా మీ తయారీకి వాడండి. వర్క్‌షీట్లు, ఒకే కథకు మూడు స్థాయిల రూపాలు, ప్రశ్నలు. తెలుగులో అది రాసే వాక్యాలు చాలాసార్లు కృతకంగా ఉంటాయి, లెక్కల్లో పొరపాట్లూ వస్తాయి. ప్రతి పంక్తీ చదివి, మీ ఊరి మాటలోకి మార్చాకే పిల్లలకు ఇవ్వండి. తెలంగాణలో 2025లో ఎక్‌స్టెప్ ఫౌండేషన్ అనే సంస్థ సాయంతో ప్రాథమిక తరగతుల్లో వెనుకబడిన పిల్లలకు ఏఐ సాయంతో తెలుగు, లెక్కలు నేర్పే ప్రయత్నం మొదలైంది. పిల్లవాడి స్థాయి నుంచి మొదలుపెట్టడం అందులో నాకు నచ్చిన అంశం. ఆరేళ్ల పిల్లవాడిని ఒంటరిగా చాట్ యాప్ ముందు కూర్చోబెట్టడాన్ని మాత్రం నేను ఒప్పుకోను.

వినికిడి, చూపు సమస్యలున్న పిల్లలకు?

ఇక్కడ సాంకేతికత నిజంగా దారి తెరుస్తుంది. పాఠ్యపుస్తకాలను భారతీయ సంజ్ఞా భాషలోకి తేవడానికి ఎన్‌సీఈఆర్‌టీ 2020లో ఒప్పందం చేసుకుంది, ఆ వీడియోలు దీక్షలో దొరుకుతాయి. చూపు తక్కువగా ఉన్న పిల్లకు పేజీని ఫోన్‌లో ఫొటో తీసి పెద్దది చేసి చూపించొచ్చు. ఆండ్రాయిడ్ ఫోన్లు తెలుగును పైకి చదవగలవు. మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రంలోని ఐఈఆర్‌పీ టీచర్‌ను (అలాంటి పిల్లలకు చదువు చెప్పే టీచర్‌ను) కలవండి, ఏ పిల్లకు ఏది పనికొస్తుందో వాళ్లకు తెలుసు. చూపు బాగానే ఉందనుకున్న పిల్లలను కూడా ఒకసారి చివరి వరసలో కూర్చోబెట్టి తెర మీది అక్షరాలు చదివించండి. కళ్లజోడు అవసరమైన పిల్లలు అలా బయటపడతారు.

హాజరు, భోజనం, మరుగుదొడ్ల ఫొటోలు, పరీక్ష మార్కులు అన్నీ యాప్‌లలోనే. పాఠం ఎప్పుడు చెప్పాలి?

న్యాయమైన బాధ. ఆంధ్రప్రదేశ్‌లో విడివిడి యాప్‌లను లీప్ అనే ఒకే యాప్ కిందికి తెచ్చారు, అది కొంత ఊరట. అయినా ఉదయం మొదటి గంట పిల్లల బుర్ర చురుగ్గా ఉండే సమయం. సర్వర్ తిరుగుతూ ఉంటే ఆ గంట పోతుంది. నింపే పనులకు టైం మార్చమని కాంప్లెక్స్ మీటింగులో రాతపూర్వకంగా అడగండి. ఒక్కరు అడిగితే ఫిర్యాదు అంటారు, అందరూ సంతకం చేస్తే ప్రతిపాదన అవుతుంది.

తల్లిదండ్రులుగా మా ప్రశ్న: ఇంట్లో ఫోన్ ఎంతసేపు ఇవ్వొచ్చు?

ఐదేళ్లలోపు పిల్లలకు రోజుకు గంట దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది, రెండేళ్లలోపు వాళ్లకు అసలే వద్దంది. ఐదు నుంచి పదేళ్ల వాళ్లకు రెండు గంటలలోపే ఉండాలని మన దేశ పిల్లల వైద్యుల సంఘం చెబుతోంది. అది గరిష్ఠ పరిమితి. అంతసేపూ ఇవ్వాలని కాదు.

అన్నం తినేటప్పుడు, పడుకునే ముందు వద్దు. చిన్న వీడియోలు ఒకదాని వెంట ఒకటి వచ్చేవి అస్సలు వద్దు, ఎక్కడ ఆపాలో పెద్దవాళ్లకే తెలియదు. ఇచ్చినప్పుడు పక్కన కూర్చుని, చూసిన దాని గురించి రెండు మాటలు మాట్లాడండి. మీకు చదువు రాకపోయినా పర్లేదు, "ఏం చూశావు, నాకు చెప్పు" అంటే చాలు.

హోంవర్క్ వాట్సాప్‌లో పెడుతున్నారు. మా ఇంట్లో ఒకే ఫోన్, అది వాళ్ల నాన్నతో పనికి వెళుతుంది.

టీచర్‌తో మొహమాటం లేకుండా చెప్పండి. టీచర్లకు నా మాట: వాట్సాప్‌ను తల్లిదండ్రులకు సమాచారం ఇవ్వడానికి వాడదాం, హోంవర్క్ మాత్రం బోర్డు మీద రాసి నోటుబుక్‌లో రాయిద్దాం. 2020లో కరోనాతో బడులు మూతపడి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ టీవీ ఛానెళ్లలో పాఠాలు వచ్చిన రోజుల్లోనే టీవీ, ఫోన్ లేని ఇళ్ల పిల్లలు ఎలా జారిపోయారో చూశాం.

పిల్లల ఫొటోలు, వీడియోలు గ్రూపుల్లో పెట్టొచ్చా?

తల్లిదండ్రుల అనుమతి లేకుండా పెట్టకండి. 2023 డేటా రక్షణ చట్టం పద్దెనిమిదేళ్లలోపు వాళ్లందరినీ పిల్లలుగానే చూస్తుంది, వారి వివరాలు వాడాలంటే తల్లిదండ్రుల సమ్మతి కావాలంటుంది. చదవలేక తడబడుతున్న పిల్లవాడి వీడియోను అనుమతి ఉన్నా పెట్టకండి. పుస్తకం, బొమ్మ, చేతులు కనిపించేలా తీస్తే చేసిన పనీ తెలుస్తుంది, పిల్లవాడి మర్యాదా నిలుస్తుంది.

మేం ఈ బడిలోనే చదివి ఇప్పుడు అమెరికాలో ఉన్నాం. స్మార్ట్ టీవీ కొనిద్దామనుకుంటున్నాం. మంచిదేనా?

మీ మనసుకు దండం. కొనే ముందు హెడ్‌మాస్టర్‌కు ఫోన్ చేసి, ఏం కావాలని కాకుండా ఏం పనిచేయడం లేదని అడగండి. చాలాచోట్ల టీవీ ఉంటుంది, స్టెబిలైజర్ ఉండదు. కరెంటు ఉంటుంది, ప్లగ్గు పాడై ఉంటుంది. సౌండ్ వెనక వరసకు వినపడదు, కిటికీ వెలుగు పడి బొమ్మ కనపడదు. ఒక స్పీకరు, రెండు కర్టెన్లు, ఒక ఇన్వర్టరు ఇస్తే ఉన్న టీవీయే నడుస్తుంది. ఏటా రిపేరుకు కొంత సొమ్ము పక్కన పెట్టగలిగితే ఇంకా మేలు. ఇంకా మిగిలితే తెలుగు కథల పుస్తకాలు కొనండి, ఒక్కో దానికి రెండు ప్రతులు ఉండేలా. అప్పుడు ఇద్దరు పిల్లలు పక్కపక్కన కూర్చుని ఒకే కథ చదువుకోగలుగుతారు.